ఎంత వంతో అంత బరువు

ఒకానొక రాజ్యంలో రాజుగారు కొండ మీద ఉండేవారు, ప్రజలు కొండ కింద ఉండేవారు. ఆ రాజ్యం పేరు చుక్కలకొండ. రాజుగారి పేరు ప్రతాప భూపతి.

కొండకు ఎనిమిదివందల మెట్లు. రాజదర్శనానికి వచ్చే షావుకార్లూ సామంతులూ అన్ని మెట్లు ఎక్కలేరు గనుక కింది ద్వారం దగ్గర పల్లకీ మాట్లాడుకునేవారు. పల్లకీలు దివాణంవి. బాడుగ దివాణానికే కట్టాలి. మోసే బోయీలు నలభై మంది. వాళ్ళకు నెలకు తూమెడు జొన్నలు, ఏడాదికొక పంచె దివాణం ఇచ్చేది.

తూమెడు జొన్నలతో సగం నెల గడుస్తుంది. మిగిలిన సగం ఇనాముతో గడిచేది. కొండెక్కి పల్లకీ దిగిన పెద్దమనిషి ఒకసారి వెనక్కి తిరిగి బోయీల వంక చూస్తాడు. ఒళ్ళంతా చెమట. బొంగు ఒరిపిడికి కాయలు కాసిన భుజాలు. అది చూశాక ఎంత పిసినారికైనా చెయ్యి రొండిలోకి పోతుంది. రూకో, అరరూకో తీసి ముందున్నవాడి చేతిలో పెడతాడు.

పొద్దువాలాక బోయీలందరూ సగందారిలో ఉన్న చప్టా మీద చేరేవారు. బోయీల పెద్ద పోలన్న తన తువ్వాలు పరిచేవాడు. ఎవరికి వచ్చింది వాళ్ళు అందులో వేసేవారు. నలభై మందికీ నలభై వంతులు. జ్వరమొచ్చి రానివాడికీ వంతు ఉండేది, కాలు బెణికి ఇంట్లో ఉన్నవాడికీ వంతు ఉండేది. దాన్ని "పడుకున్నోడి వంతు" అనేవారు.

"ఇయాల ఆడు పడుకున్నాడు, రేపు నేను పడుకుంటాను" అనేవాడు పోలన్న. అంతకు మించి వాళ్ళకు శాసనమేదీ ఉండేది కాదు.

ఆ ఏడు ఆషాఢంలో వానకు మెట్లు పాకుడు పట్టాయి. ఒక స్థూలకాయుడైన సామంతుణ్ణి మోసుకుపోతుంటే మలుపు దగ్గర పల్లకీ ఒరిగింది. బంగారయ్య అనే బోయీ పల్లకీ లోయలోకి జారకుండా తన కాలు అడ్డం పెట్టాడు. సామంతుడు క్షేమంగా కొండెక్కాడు. బంగారయ్య కాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. వెదురుబద్దలు కట్టి ఇంట్లో పడుకోబెట్టారు. మొయ్యనివాడికి దివాణం జొన్నలు ఇవ్వదు. పడుకున్నోడి వంతుతోనే అతనూ, పెళ్ళాం ఎర్రక్కా, ముగ్గురు పిల్లలూ బతుకుతున్నారు.

పల్లకీల మీద పెత్తనం నాగరసుది. పారుపత్యందారు అనేవారు అతణ్ణి. కింది ద్వారం దగ్గర చలువపందిరి వేయించుకుని, పరుపు మీద కూర్చుని, తమలపాకులు నములుతూ వచ్చేపోయే పల్లకీలను చూడటం అతని ఉద్యోగం. అతని కింద ఇద్దరు జమాదార్లు. దివాణం వాళ్ళకు మంచి జీతాలే ఇచ్చేది. అయినా బోయీల చేతుల్లో పడుతున్న రూకలు చూస్తుంటే నాగరసుకు తిన్నది అరిగేది కాదు.

శ్రావణం రాగానే అతను రాజుగారి దగ్గరికి వెళ్ళాడు.

"ప్రభూ, కొండ తమది, మెట్లు తమవి, పల్లకీ తమది. తమ దర్శనానికి వస్తున్న సంతోషంలో అతిథి ఇచ్చే ఇనాము మాత్రం బోయీల గుప్పిట్లోకి పోతోంది. తమవంటి సమవర్తి పాలనలో ఇలా చిందరవందరగా ఉంటే ఎలా? అంతా ఒక బిందెలో వేయిస్తాను. ఎవరి బాధ్యతను బట్టి వాళ్ళకు పంచుతాను. ఇక అన్యాయమన్న మాట ఉండదు."

సమవర్తి అన్నది రాజుగారికున్న ముప్ఫైరెండు బిరుదుల్లో ఆయనకు అన్నిటికంటె ఇష్టమైనది. అందరినీ సమానంగా చూసేవాడని దాని అర్థం. వెంటనే ముద్ర వేసి ఇచ్చారు.

మర్నాడే ద్వారం దగ్గర మూతకు తాళం వేసిన రాగిబిందె వెలిసింది. తాళంచెవి నాగరసు మొలతాడుకు చేరింది. ఇనామును ఎనిమిది వంతులు చేశారు. నాలుగు నాగరసుకు. జమాదార్లకు చెరొకటి. మిగిలిన రెండు నలభై మంది బోయీలకు. మొయ్యనివాడికి ఏమీ లేదు. పడుకున్నోడి వంతు ఆ రోజుతో పోయింది.

రాజుగారి ఆస్థానంలో మాచన అనే హాస్యగాడు ఉండేవాడు. బక్కపలుచటి మనిషి, ఏభై దాటినవాడు. కొలువులో అందరికీ పల్లకీ ఉంది, అతనికి లేదు. "నవ్వించేవాడికి పల్లకీ ఎందుకు? ఆయాసపడుతూ వచ్చి నిలబడితే అదీ ఒక నవ్వే" అని రాజుగారి అభిప్రాయం. అందుచేత మాచన రోజూ ఎనిమిదివందల మెట్లూ నడిచి ఎక్కేవాడు. సగందారిలో చప్టా మీద కూలబడి, బోయీల కుండలో నీళ్ళు తాగి, వాళ్ళతో నాలుగు మాటలాడి పైకి పోయేవాడు.

ఒకరోజు అతను చప్టా దగ్గరికి వచ్చేసరికి బోయీలెవరూ మాట్లాడటం లేదు.

"ఏం పోలన్నా, ఎవరైనా పోయారా?" అన్నాడు మాచన నవ్వుతూ.

"ఇంకా పోలేదయ్యా" అన్నాడు పోలన్న.

ఆ మాటతో మాచన నవ్వు ఆగిపోయింది. పోలన్న జరిగిందంతా చెప్పాడు.

"నిన్న రత్నాల షావుకారొకాయన నా చేతిలో నిండు వరహా పెట్టాడయ్యా. నా జన్మలో వరహా పట్టుకోటం అదే. గుప్పిట మూసేలోపలే జమాదారు తీసుకున్నాడు. పైగా, 'ఇది నీది అనుకుంటున్నావా? ప్రభువుల ముఖం చూసి ఇచ్చాడు' అన్నాడు. ఆ షావుకారు అప్పటికింకా ప్రభువుల ముఖమే చూళ్ళేదయ్యా. నా భుజం చూశాడు."

ఆ సాయంత్రం మాచన ఇంటికి పోతూ బోయీల వాడకు వెళ్ళాడు. బంగారయ్య గోడవారగా పడుకుని ఉన్నాడు. కాలు వాచి నల్లబడింది. ఎర్రక్క పక్కన కూర్చుని ఈగలు తోలుతోంది.

"రోజూ సాయంత్రం మావోళ్ళు తలా ఒక పిడికెడు జొన్నలు తెచ్చిపోతున్నారయ్యా" అన్నాడు బంగారయ్య. "ఆళ్ళకే లేదు. అప్పుడు నా వంతని తీసుకునేవోణ్ణి. ఇప్పుడు ముష్టని తీసుకుంటున్నాను. జొన్నలు ఆ జొన్నలే. మింగుడు పడటంలేదు."

"వైద్యుడేమన్నాడు?"

"ఏదో తైలం చెప్పాడు బాబయ్యా, చిప్పెడు రూకన్నర" అంది ఎర్రక్క.

మాచన తన దగ్గరున్న రెండు రూకలు ఆమె చేతిలో పెట్టి వచ్చేశాడు. ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు. రెండు రూకలు ఎన్నాళ్ళొస్తాయి? మర్నాడు కొలువులో తానే మాట ఎత్తాడు.

"ప్రభూ, ఒక చిన్న సందేహం. పల్లకీ మోసేది ఎవరు?"

"బోయీలు" అన్నారు రాజుగారు.

"మరి మోసినందుకు ఇచ్చే ఇనాములో పావలావంతు వాళ్ళందరికీ, ముప్పావలా మోయనివాళ్ళు ముగ్గురికీ. ఇదేం లెక్క?"

నాగరసు కొలువులోనే ఉన్నాడు. లేచి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, బరువు రెండు రకాలు. భుజం మీది బరువు ఒకటి. అది కొండెక్కగానే దిగిపోతుంది. బాధ్యత బరువు రెండోది. అది నిద్రలో కూడా దిగదు. బోయీ ఒక పల్లకీ మోస్తాడు. నేను అన్ని పల్లకీలూ మోస్తున్నాను, మనసులో."

"ఆహా!" అన్నారు రాజుగారు. కొలువంతా "ఆహా" అంది. "విన్నావా మాచనా? భుజాలు ఎద్దుకూ ఉన్నాయి. బాధ్యత వహించేవాడే గొప్పవాడు. మేమూ అంతే. ఈ రాజ్యభారమంతా మా శిరస్సు మీద లేదూ? మేము సమవర్తులం, మా దగ్గర అన్యాయం జరగదు."

"చిత్తం ప్రభూ. అయినా బంగారయ్య అనే బోయీ తమ దగ్గర న్యాయం దొరక్క ఇంకొక సమవర్తి దగ్గరికి ప్రయాణం కడుతున్నాడు."

పండితులు దగ్గు వచ్చినట్టు నోళ్ళు మూసుకున్నారు. సమవర్తి అంటే యముడి పేరు కూడా. అర్థమవడానికి రాజుగారికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది.

"నాలిక పదును చూపించావు, బాగుంది. ఇదే మా మాట. బాధ్యత బరువు కంటె భుజం బరువు గొప్పదని దసరాలోపల రుజువు చెయ్యి. చేశావా, శాసనం మారుస్తాం. లేదా, ఏడాదిపాటు ఈ కొలువులో నువ్వు నోరు మెదపకూడదు. వచ్చి నిలబడాలి, మాట్లాడకూడదు. చూద్దాం, మౌనంగా ఎలా నవ్విస్తావో."

కొలువు ఘొల్లుమంది. దసరా ఇంకా నెల పైన ఉంది.

మాచన ఆలోచించాడు. వాదించి లాభం లేదు. మాటకు మాట తెస్తే నాగరసు ఇంకో మాట తెస్తాడు. రాజుగారు తన చేత్తో తానే కట్టుకున్న ముడి అయితే తప్ప ఆయన విప్పరు. అందుకు ఒక ఉపాయం తోచింది గాని, దానికి రాజుగారు కొండ దిగాలి. ఆయన కొండ దిగేది ఏడాదికొక్కసారి, దసరానాడు జమ్మిపూజకు. అప్పటిదాకా ఆగక తప్పదు.

మాచన ఆగాడు. బంగారయ్య ఆగలేకపోయాడు. భాద్రపద బహుళంలో కాలి విషం ఒళ్ళంతా పాకి, మూడురోజులు మూసిన కన్ను తెరవకుండా పోయాడు. బోయీలు పాడె మొయ్యడానికి వచ్చారు. ఆ రోజు నాలుగు పల్లకీలు ఆలస్యమయ్యాయని నాగరసు వాళ్ళ ఆనాటి రెండు వంతుల్లో ఒకటి కోశాడు.

మాచన శ్మశానం దాకా నడిచాడు. తిరిగివచ్చేటప్పుడు పోలన్నతో అన్నాడు. "నా ఉపాయం పండడానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది పోలన్నా. ఇంకొకడైతే రాజుగారి కాళ్ళమీద పడి ఏడ్చి ఆ తైలం సంపాదించేవాడేమో. నాకు ఏడవడం చేతకాదు. నాకు వచ్చిన విద్య ఇదొక్కటే."

పోలన్న ఆగి అతని వంక తిరిగాడు. "మేమేం చెయ్యాలో చెప్పండయ్యా" అన్నాడు.

మర్నాడు మాచన కొలువుకు వెళ్ళి దీనంగా నిలబడ్డాడు.

"ప్రభూ, పందెం ఓడిపోయేట్టున్నాను. ఎంత ఆలోచించినా నాగరసుగారి న్యాయమే న్యాయంగా తోస్తోంది. నోరు మూతపడేలోగా ఆ న్యాయాన్ని ఒక్క వాక్యంలో పెట్టాను. తమ పేరుతో రాతిమీద చెక్కిస్తే ఆచంద్రార్కం నిలుస్తుంది."

"ఏదీ, చెప్పు."

"ఎంత బరువో అంత వంతు. ఎంత వంతో అంత బరువు."

రాజుగారు ఒకసారి పెదవులు కదిపారు. రెండోసారి పైకే చదివారు. మూడోసారి తాళం వేస్తూ చదివారు. "భేష్! ఎటునుంచి చదివినా న్యాయమే!" అన్నారు. ఆ సాయంత్రానికి అది ఆయన స్వయంగా చెప్పిన వాక్యమైపోయింది. వారంలోపల కింది ద్వారం పక్కన నిలువెత్తు రాయి పాతించారు. రాజ్యమంతటా దండోరా వేయించారు. నాగరసైతే ఆ రాతికి పసుపూ కుంకుమా పూయించి, రోజూ కొబ్బరికాయ కొట్టించాడు. తన నడుము విరిచే మాటకు తానే పూజ చేయించాడు పాపం.

దసరా వచ్చింది. రాజుగారు కొండ దిగి, ఊరిబయట జమ్మిపూజ చేసి, పొద్దుండగానే ద్వారం దగ్గరికి తిరిగి వచ్చారు. ఊరు ఊరంతా అక్కడే ఉంది. రాజుగారు పెద్ద పల్లకీ ఎక్కి, పట్టు దిండుకు ఆనుకుని, "ఊఁ" అన్నారు.

పల్లకీ కదల్లేదు.

"ఊఁ!" అన్నారు మళ్ళీ. అయినా కదల్లేదు. తెర తొలగించి చూశారు. పెద్ద పల్లకీని మోసేది ఎనిమిది మంది. ముందు నలుగురు, వెనక నలుగురు. ముందు ఎవరూ లేరు. వెనక పోలన్న, ఇంకొక బోయీ మాత్రం బొంగు కింద భుజం పెట్టి నిలబడి ఉన్నారు. మిగిలిన బోయీలు పక్కగా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఏమిటిది?" అని గర్జించారు రాజుగారు.

పోలన్న బొంగు కిందనుంచే తల వంచాడు. "ప్రభువుల శాసనం చదివించుకుని విన్నామండీ. ఎంత వంతో అంత బరువన్నారు. ఎనిమిది వంతుల్లో మాకు రెండండీ. మా రెండు బరువులూ పట్టుకునే ఉన్నాం."

జనంలో గుసగుస మొదలైంది. రాజుగారు జనం వంక చూశారు, రాతి వంక చూశారు, మాచన కోసం చూశారు. మాచన ఆ రాతి పక్కనే ఉన్నాడు.

"శాసనం తమది ప్రభూ" అన్నాడు మాచన. "దాని ప్రకారం జమాదార్లిద్దరూ వెనక చెరొక భుజం పట్టాలి. ముందు నాలుగు భుజాల చోటూ నాగరసుగారిది. వారు మనసులో రోజూ అన్ని పల్లకీలూ మోస్తున్నారు. ఒక్క పల్లకీలో సగం వారికొక లెక్కా?"

ఊరి జనం ముందు, తన పేరున్న రాతి పక్కన, రాజుగారు ఏమనగలరు? "నాగరసూ, పట్టు" అన్నారు.

నాగరసు ఉత్తరీయం నడుముకు బిగించాడు. ముందుకు వెళ్ళి, బొంగుకింద భుజం ఇరికించాడు. వెనక జమాదార్లు కళ్ళు మూసుకుని బొంగు పట్టుకున్నారు. వెనకవైపు లేచింది. ముందువైపు లేవలేదు. నాగరసు మెడనరాలు తాళ్ళలా ఉబ్బాయి. "నారాయణా!" అని రెండోసారి ఎత్తాడు. జానెడు లేచింది. అడుగు వేశాడు. ఒక్కటే అడుగు. మోకాళ్ళు వంగిపోయి మొదటి మెట్టు మీద బోర్లాపడ్డాడు. పల్లకీ ముందుకు వాలింది. రాజుగారు దిండుతో సహా జారి వచ్చి సరిగ్గా నాగరసు వీపు మీద కూర్చున్నారు.

"ఏం నాగరసూ" అన్నారు రాజుగారు ఆ వీపు మీదనుంచే. "లేవవేం?"

"ప్రభూ..." నాగరసు మెట్టు మీద ముఖం ఆనించి మూలిగాడు. "నా బరువు మనసులో మోసేది ప్రభూ. భుజంతో మోసేది కాదు."

"అలాగా నాగరసుగారూ!" అన్నాడు మాచన. "అయితే ఇనాము కూడా మనసులోనే పుచ్చుకోండి."

ముందు రాజుగారికే నవ్వు వచ్చింది. ఆయన నవ్వారు గనుక ఊరంతా నవ్వింది. నవ్వి నవ్వి రాజుగారు నాగరసు వీపు మీద చరిచారు. ఆయనకు దెబ్బ తగల్లేదు గనుక ఆ నవ్వు నిజమైనదే.

"గెలిచావు మాచనా! నేటినుంచి ఇనాము అరరూకతో సహా బోయీలదే. బిందె వాళ్ళకిచ్చెయ్యండి." ఆయన తన ముంజేతి బంగారు కడియం తీసి మాచనకు తొడిగారు. అప్పుడు ఎనిమిదిమంది బోయీలూ పల్లకీ ఎత్తుకున్నారు.

మర్నాడు బోయీలు బిందె తాళం పగలగొట్టి చప్టా మీద తువ్వాలు పరిచారు. చాన్నాళ్ళకు పరిచిన తువ్వాలు. పోలన్న వంతులు వేస్తూ అలవాటు చొప్పున పడుకున్నోడి వంతు కూడా పక్కన పెట్టాడు. పెట్టాక చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు పడుకున్నవాడు ఎవడూ లేడు. ఆ వంతు తీసుకుపోయి ఎర్రక్క గుమ్మంలో పెట్టాడు. ఆమె లోపలినుంచి చూసింది. ఆ డబ్బు దీపాలు పెట్టేదాకా గుమ్మంలోనే ఉంది. తరవాత పెద్దపిల్ల వచ్చి తీసుకుపోయింది.

కథ ఇక్కడ ఆపితే నాకూ సుఖమే, మీకూ సుఖమే. రాజుగారు నవ్వారు, బహుమానం ఇచ్చారు. కాని నాగరసు ఉద్యోగం నాగరసుకు అలాగే ఉంది. నడుముకు పట్టీ వేయించుకుని అతను నాలుగోరోజున కొలువుకు వచ్చాడు. వచ్చి రాజుగారి చెవిలో ఏదో చెప్పాడు. రాజుగారి ముఖం వికసించింది.

"మాచనా, విను. నువ్వు ఒక్కడివే చమత్కారివనుకున్నావు. మా శాసనంలో ఇంకొక న్యాయం కూడా ఉంది, అది నీకు తట్టలేదు. ఎంత వంతో అంత బరువు! ఇనాము వంతంతా ఇప్పుడు బోయీలది. కనుక వాళ్ళ కడుపు బరువు కూడా వాళ్ళదే. ఇనాము తినేవాళ్ళకు దివాణం జొన్నలు ఎందుకు? వచ్చే నెలనుంచి ఆపేస్తున్నాం."

కొలువంతా చప్పట్లు కొట్టింది. రాజుగారు హాయిగా నవ్వుతున్నారు. ఆ వాక్యం మాచనది. అతను చెక్కించిందే. ఎండాకాలం నాలుగునెలలూ కొండెక్కేవాడుండడు, ఇనాముండదు. నలభై కుటుంబాలు ఏం తింటాయి?

అతను మెల్లిగా చేతి కడియం తీసి రాజుగారి పాదాల దగ్గర పెట్టాడు.

"ఇదేమిటి?"

"ఇనాము ప్రభూ. ఇది తీసుకున్నాను గనుక నా జీతం ఆగిపోవాలి. జీతం పోతే నాకు కష్టం. అందుకని ఇనాము వాపసు చేస్తున్నాను." అతను కొలువు వైపు తిరిగాడు. "ఇక పెద్దలు కూడా ఆలోచించుకోండి. పండితులకు శాలువాలు వస్తున్నాయి. వాళ్ళ మాన్యాలు తీసెయ్యాలి. నాగరసుగారికి ప్రతి షావుకారూ తాంబూలం పళ్ళెం ఇస్తున్నాడు. వారి జీతం తీసెయ్యాలి."

చప్పట్లు ఆగిపోయాయి.

"ఇక ఈ కొండెక్కి వచ్చేవాడెవడూ వట్టి చేతులతో రాడు. ఎవరి చేతుల్లో చూసినా ప్రభువులకు కానుక. కానుకలు పుచ్చుకునేవారికి పన్నులు ఎందుకు ప్రభూ? రైతులు రేపటినుంచి శిస్తు కట్టనక్కర్లేదని దండోరా వేయించమంటారా? రాయి కింది ద్వారం దగ్గరే ఉంది. చదువుకున్న రైతులు కూడా ఉన్నారు."

రాజుగారు మాచన వంక చాలాసేపు చూశారు. ఆయన కుడిచెయ్యి సింహాసనం అంచును గట్టిగా పట్టుకుని ఉంది. ఈసారి నవ్వు రావడానికి ఆలస్యమైంది. వచ్చింది.

"భళా! మళ్ళీ గెలిచావు. జొన్నలు ఉంచండి. నాగరసూ, ఇక ఆ మాట ఎత్తకు." ఆయన కడియం తీసి మళ్ళీ మాచన చేతికి తొడిగారు. "నీ తెలివికి ఈ కొలువు చాలదయ్యా. ఇన్నేళ్ళు నడిచి ఎక్కావు, అలిసిపోయావు. ఇవాళ మా పల్లకీలో దిగు. ఇంట్లో విశ్రాంతిగా ఉండు. మేము కబురు పంపినప్పుడు వద్దువుగాని."

అంత గౌరవం ఆ ఆస్థానంలో ఎవరికీ జరగలేదు. దాని అర్థం అందరికీ తెలిసింది. మాచనకూ తెలిసింది. అతను నమస్కరించి బయటికి వచ్చాడు.

బయట పోలన్నా మిగతా ఏడుగురూ పల్లకీతో నిలబడి ఉన్నారు.

"ఎక్కండయ్యా."

"నేను నడుస్తాను పోలన్నా."

"ఎక్కకపోతే మమ్మల్ని అడుగుతారయ్యా. ప్రభువుల ఆజ్ఞ."

మాచన పల్లకీ ఎక్కాడు. కొలువు కనిపించినంతమేరా కూర్చున్నాడు. మొదటి మలుపు తిరగ్గానే దిగిపోయి వాళ్ళ పక్కన నడిచాడు. ఖాళీ పల్లకీ మోస్తూ బోయీలు, పక్కన హాస్యగాడు.

ఇంటికి వెళ్ళేముందు అతను ఎర్రక్క దగ్గరికి పోయి కడియం ఇవ్వబోయాడు. ఆమె చేతులు వెనక్కి లాక్కుంది.

"వద్దు బాబయ్యా. దీన్ని నేను అమ్మబోతే దొంగసొత్తని కొడతారు" అంది.

అది నిజమే. మాచన తానే అమ్మి ఆమెకొక పాడిగేదెను కొనిచ్చాడు. ఎర్రక్క దాన్ని చూసి ఏడవనూ లేదు, నవ్వనూ లేదు. తాడు పట్టుకుని దొడ్లోకి తోలుకుపోయింది.

రాజుగారి కబురు ఆ నెల రాలేదు, ఆ ఏడూ రాలేదు. మాచన ఊరి పిల్లలకు అమరకోశం చెప్పుకుంటూ బతికాడు. సమవర్తి అన్న మాట వచ్చినప్పుడు మాత్రం పిల్లలు రెండు అర్థాలూ అప్పజెప్పాలి. బోయీల జొన్నలు బోయీలకు వచ్చేవి, ఇనాము వాళ్ళ తువ్వాల్లో పడేది. అతనికి అది చాలు అనుకునేవాడు. కొన్నిరోజులు చాలేది, కొన్నిరోజులు చాలేది కాదు.

కొండ మీద రాజుగారు మాత్రం ఆ కథను ప్రతి అతిథికీ చెప్పేవారు. తాను ఒకనాడు ఒక్క వాక్యంతో పల్లకీల వాళ్ళకు ఎలా న్యాయం చేశారో, అధికారి వీపు మీద ఎలా కూర్చున్నారో చెప్పి కడుపుబ్బ నవ్వేవారు. ఆ కథలో మాచన ఉండేవాడు కాదు. బంగారయ్య అసలే ఉండేవాడు కాదు. నాగరసు పక్కనే నిలబడి, అందరికంటె ముందు నవ్వేవాడు.

ఒకరోజు అలా నవ్వుకుంటూ బయటికి వచ్చిన ఒక షావుకారు పల్లకీ ఎక్కుతూ పోలన్నతో అన్నాడు. "మీ రాజుగారు ఎంత రసికులోయ్! అదృష్టవంతులు మీరు."

"అవునండీ" అన్నాడు పోలన్న. "మా రాజుగారు బాగా నవ్వుతారండీ."

అని, వంగి బొంగు భుజానికెత్తుకున్నాడు.